పదివేల లైన్ల పుస్తకం

1976లో, ఆస్ట్రేలియాలోని సిడ్నీలో, న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే జాన్ లయన్స్ తన క్లాసు కోసం రెండు పుస్తకాలు తయారుచేయడం మొదలుపెట్టాడు. మొదటిదాంట్లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం కెర్నల్ పాఠం మొత్తం, ప్రతి లైనుకీ ఒక నంబరుతో. రెండోదాంట్లో దానికి వ్యాఖ్యానం. పాఠం అంతా కలిపి పదివేల లైన్లకి కాస్త తక్కువ. బుద్ధిగా కూచుంటే ఒక సెమిస్టర్‌లో చదివి ముగించగలిగినంత.

ఆ పుస్తకం తర్వాత దాదాపు ఇరవయ్యేళ్ళ పాటు ఏ షాపులోనూ అమ్మకానికి రాలేదు. రాకుండా ఒక పెద్ద కంపెనీ లైసెన్సు అడ్డం పడింది. అయినా ఆపరేటింగ్ సిస్టంల మీద పనిచేసే విద్యార్థులు ఒక తరానికి తరం దాన్ని చదివారు. జిరాక్స్ కాపీలో, ఆ కాపీకి తీసిన కాపీలో, అక్షరాలు సగం చెరిగిపోయిన మూడో కాపీలో.

ఓపెన్ సోర్స్ అనగానే మనకి ముందు తట్టేది "ఫ్రీ" అన్న మాట. డబ్బు కట్టక్కర్లేదు, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, అంతే. కాస్త తెలిసినవాళ్ళైతే రిచర్డ్ స్టాల్‌మన్ పేరు, లైసెన్సుల గొడవ, పెద్ద కంపెనీలతో పోరాటం గురించి చెప్తారు. అవన్నీ నిజమే. కానీ ఈ కథని ఇంకో చివరి నుంచి కూడా చెప్పొచ్చు, సాహిత్యం చదివేవాళ్ళకి ఆ చివరే దగ్గరనిపిస్తుంది. ఓపెన్ సోర్స్ అమ్మేవాడి సమస్యగానో కొనేవాడి సమస్యగానో మొదలవ్వలేదు. పాఠకుడి సమస్యగా మొదలయింది. ఆ పాఠకుడు చాలాసార్లు ఒక విద్యార్థి.

మూలం, వ్యాఖ్యానం

కంప్యూటర్‌తో పరిచయం లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మీ ఫోన్‌లో పాట వినిపిస్తూ ఉండగానే మెసేజ్ వస్తుంది, ఫోటో సేవ్ అవుతుంది. ప్రాసెసర్ ఎవరికి ఎంతసేపు ఇవ్వాలి, మెమరీలో ఎవరి చోటు ఎక్కడ, ఫైలుని డిస్కులో ఎలా దాచాలి, ఒక ప్రోగ్రాం ఇంకోదాని జోలికి పోకుండా ఎలా చూడాలి, ఈ పంచాయితీలన్నీ తీర్చే ప్రోగ్రామే ఆపరేటింగ్ సిస్టం. దాని గుండెకాయ కెర్నల్. దాన్ని మనుషులు ఒక భాషలో రాస్తారు, అది సోర్స్ కోడ్. మెషీన్‌కి అర్థమయ్యేలా దాన్ని అంకెల్లోకి అనువాదం చేస్తారు. కంపెనీలు మామూలుగా మనకిచ్చేది ఆ అనువాదం మాత్రమే. మూలం వాళ్ళ దగ్గరే ఉంటుంది. మెషీన్ చదవగలదు, మనం చదవలేం.

యూనిక్స్ విషయంలో అలా జరగకపోవడానికి కారణం ఎవరి ఉదారతా కాదు, ఒక కోర్టు వ్యవహారం. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ మొదలుపెట్టారు. ఆ ల్యాబ్ టెలిఫోన్ గుత్తాధిపత్యం ఉన్న ఏటీ అండ్ టీ కంపెనీది. గుత్తాధిపత్యం మీద ప్రభుత్వం వేసిన కేసు 1956లో రాజీతో ముగిసింది. ఆ రాజీ ప్రకారం కంపెనీ టెలిఫోన్ వ్యాపారం దాటి ఇంకో వ్యాపారంలోకి దిగకూడదు. కాబట్టి యూనిక్స్‌ని సరుకుగా అమ్ముకునే వీల్లేదు. యూనివర్సిటీలు అడిగితే నామమాత్రపు ఫీజు తీసుకుని, సోర్స్ కోడ్ ఉన్న టేపు పంపేవాళ్ళు. ఆ తర్వాత సపోర్టు లేదు, బగ్ వస్తే బాగుచేసే దిక్కు లేదు. పగిలితే మీరే అతికించుకోవాలి.

అతికించుకోవాలంటే ముందు చదవాలి. యూనిక్స్ చుట్టూ పాఠకులు పుట్టింది ఈ నిర్లక్ష్యం వల్లే అనిపిస్తుంది నాకు.

1974 జులైలో థాంప్సన్, రిచీల వ్యాసం ఒక ప్రముఖ కంప్యూటర్ పత్రికలో అచ్చయింది. అది చూసి సిడ్నీ వాళ్ళు బెల్ ల్యాబ్స్‌కి ఉత్తరం రాశారు, టేపు తెప్పించుకున్నారు. అప్పటిదాకా ఆపరేటింగ్ సిస్టం పాఠం అంటే అయితే సాధారణ సూత్రాలు బోర్డు మీద చెప్పడం, లేదంటే ఒక చిన్న బొమ్మ సిస్టం రాయించడం. నిజంగా పనిచేసే సిస్టంని మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదివించడం అన్నది లేదు. ఐబీఎం లాంటి కంపెనీల సిస్టంలు అసలు ఒక మనిషి చదివే సైజులో లేవు. యూనిక్స్ ఉంది. లయన్స్ ఆ అవకాశాన్ని పట్టుకున్నాడు.

ఆయన చేసిన పని మన సంప్రదాయానికి కొత్తేం కాదు. మెదక్ ప్రాంతపు కొలిచెలమ వాడని చెప్పుకునే మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకి రాసిన వ్యాఖ్యానాలు గుర్తుచేసుకోండి. శ్లోకం వెంట శ్లోకం నడుస్తాడు. అన్వయం చూపిస్తాడు, పదం విడదీస్తాడు, వ్యాకరణం చెప్తాడు, ఆ పైన భావం. మూలంలో లేనిది రాయనని, అవసరం లేనిది చెప్పనని మొదట్లోనే మాటిస్తాడు. లయన్స్ పద్ధతీ అదే. ఫలానా నంబరు లైను దగ్గర ఏం జరుగుతోంది, ఇక్కడి నుంచి పాఠం ఎక్కడికి దూకుతుంది, ఈ పేరు ముందెక్కడ వచ్చింది. చివర్న విద్యార్థులు చేయాల్సిన అభ్యాసాలు. వ్యాఖ్యాత పని గొప్పగా కనిపించడం కాదు, పాఠకుడి చేయి పట్టుకుని మూలం దగ్గర వదలడం. లయన్స్ ఆ పని ఎంత శ్రద్ధగా చేశాడంటే, బెల్ ల్యాబ్స్ వాళ్ళే తమ సిస్టం గురించి తెలుసుకోవడానికి ఆ పుస్తకం వాడారు.

ఈ పాఠంలో 2238వ లైను దగ్గర ఒక చిన్న కామెంట్ ఉంది. దీన్ని మీరు అర్థం చేసుకుంటారని మేం ఆశించడం లేదు అని దాని సారాంశం. ఒక ప్రోగ్రాంని ఆపి ఇంకోదాన్ని నడిపించే చోటు అది, కెర్నల్ మొత్తంలో అతి చిక్కైన మలుపు. ప్రోగ్రామర్ల లోకంలో ఆ కామెంట్ పెద్ద సామెతలా అయిపోయింది. టీషర్టుల మీదికి కూడా ఎక్కింది. పొగరుతో రాశారనే చాలామంది అనుకున్నారు. చాలా ఏళ్ళ తర్వాత రిచీ దాని గురించి వివరణ ఇచ్చాడు. ఇది పరీక్షలో రాదులే, కంగారుపడకండి అనే ధోరణిలో రాసిందే తప్ప సవాలు విసరడానికి కాదన్నాడు. ఆ వెంటనే ఇంకో సంగతి చెప్పాడు. అక్కడ ఏం జరుగుతోందో అసలు తమకి కూడా సరిగ్గా అర్థం కాలేదట. యూనిక్స్‌ని వేరే రకం మెషీన్ మీదికి మార్చబోయినప్పుడు ఆ పద్ధతి అక్కడ పనికిరాలేదు, మార్చాల్సి వచ్చింది.

ఈ సంఘటన నాకు చాలా ఇష్టం. రాసినవాడికి పూర్తిగా తెలుసు, చదివేవాడు నేర్చుకుంటాడు అనుకుంటాం. నిజంగా జరిగేది ఎప్పుడూ అలా ఉండదు. రాసినవాడి తప్పు బయటపడాలంటే పాఠం ఇంకొకరి చేతిలోకి, ఇంకో చోటికి వెళ్ళాలి.

చదవకూడదు

1979లో యూనిక్స్ ఏడో వెర్షన్ వచ్చింది. దాంతోపాటు కొత్త లైసెన్సు. సోర్స్ కోడ్‌ని క్లాసుల్లో పాఠంగా చెప్పకూడదని అందులో షరతు. యూనిక్స్‌కి మార్కెట్లో విలువ ఉందని కంపెనీకి అప్పటికి అర్థమయింది. రహస్యం అని చెప్పుకునేదాన్ని ప్రపంచమంతా క్లాసురూముల్లో బోర్డు మీద రాస్తూ ఉంటే కోర్టులో అది వ్యాపార రహస్యంగా నిలబడదు. వాళ్ళ లెక్క వాళ్ళకి సరైనదే. కొన్నేళ్ళకి, 1984లో, ఆ టెలిఫోన్ కంపెనీని ముక్కలు చేశారు. కంప్యూటర్ వ్యాపారం మీద ఉన్న పాత అడ్డంకి కూడా దాంతోపాటే పోయింది. యూనిక్స్ పూర్తి సరుకైపోయింది.

లయన్స్ పుస్తకం మీద దీని దెబ్బ సూటిగా పడింది. లైసెన్సు ఉన్నవాళ్ళ చేతుల్లో తప్ప ఎక్కడా ఉండకూడదు. అక్కడి నుంచే జిరాక్సుల కథ మొదలు. మన దగ్గర జిరాక్స్ సెంటర్ల మీద ఆధారపడి డిగ్రీ పూర్తి చేసినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. స్పైరల్ బైండింగ్, పక్కకి ఒరిగిన పేజీలు, మధ్యలో ఎవరివో అండర్‌లైన్లు. తేడా ఏమిటంటే మనం డబ్బు మిగులుతుందని జిరాక్స్ తీయించాం. వాళ్ళకి వేరే దారి లేదు. ఒక ఇంజినీరింగ్ పాఠ్యపుస్తకం చేతులు మారడంలో ఒక నిషిద్ధ నవల చేతులు మారినంత ఉత్సాహం ఉండేదంటే, నిషేధించినవాళ్ళు దానికి చేసిన మేలే అది.

1996లో, హక్కులు అప్పటికి ఎవరి చేతిలో ఉన్నాయో ఆ కంపెనీ ఒప్పుకున్నాక, పుస్తకం చివరికి బాహాటంగా అచ్చయింది. లయన్స్ అప్పటికే అనారోగ్యంతో రిటైరయ్యాడు. 1998 డిసెంబర్లో చనిపోయాడు. తన పుస్తకం షాపులో ఉండగా ఆయన బతికింది రెండేళ్ళు.

చదివినవాడు ఊరుకోడు

నిషేధానికి ముందే ఇంకో చోట ఇంకో కథ నడుస్తోంది. 1975లో థాంప్సన్ బెల్ ల్యాబ్స్ నుంచి సెలవు పెట్టి, ఒక ఏడాది పాఠాలు చెప్పడానికి కాలిఫోర్నియాలోని బర్క్‌లీ వచ్చాడు. అదే ఏడాది అక్కడ చేరిన గ్రాడ్యుయేట్ విద్యార్థుల్లో బిల్ జాయ్, చక్ హేలీ ఉన్నారు. వాళ్ళు ముందు థాంప్సన్ తెచ్చిన పాస్కల్ సిస్టంని మెరుగుపరిచారు. తర్వాత ఎడిటర్. ఆ తర్వాత నేరుగా కెర్నల్‌లోకి. 1978లో జాయ్ వీటన్నిటినీ ఒక టేపు మీదికి ఎక్కించి అడిగినవాళ్ళకి పంపడం మొదలుపెట్టాడు. మొదటి టేపు ముప్ఫై కాపీల దాకా వెళ్ళింది. దాని పేరే బర్క్‌లీ సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్, పొట్టిగా బీఎస్‌డీ.

అక్కడ పరిశోధన తీరే మారిపోయింది. మెమరీ ఎలా పంచాలి అన్నది ఓజల్ప్ బాబావోలు అనే విద్యార్థికి సిద్ధాంత సమస్య. సోర్స్ చేతిలో ఉంది కాబట్టి ఆ ఆలోచన జాయ్‌తో కలిసి నేరుగా యూనిక్స్‌లోకి ఎక్కింది, 1979 చివర్లో బయటికి వచ్చింది. ఫైలు సిస్టం మరీ నెమ్మది, డిస్కు వేగంలో ఏ కొద్ది శాతమో మాత్రమే వాడుకుంటోంది. ఇంకో విద్యార్థి కర్క్ మెకుసిక్ దాన్ని తిరగరాశాడు. 1983లో వచ్చిన 4.2 వెర్షన్‌లో అదీ ఉంది, ఈ రోజు ఇంటర్నెట్ నడిచే టీసీపీ/ఐపీ కూడా ఉంది. ఒక థీసిస్ అల్మరాలో దుమ్ముపట్టే బదులు వందల యంత్రాల్లో ఉద్యోగం చేయడం అప్పటికి కొత్త.

చదవడంలో ఇంకో కోణమూ ఉంది, దాన్ని దాటేసి పోవడం నిజాయితీ అనిపించుకోదు. 1988 నవంబర్లో కార్నెల్ విశ్వవిద్యాలయం గ్రాడ్యుయేట్ విద్యార్థి రాబర్ట్ మోరిస్, బర్క్‌లీ యూనిక్స్‌లోని లొసుగుల గుండా ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి పాకే ప్రోగ్రాం వదిలాడు. అది అదుపు తప్పి వేల కంప్యూటర్లని స్తంభింపజేసింది. అతనికి శిక్ష పడింది: మూడేళ్ళ ప్రొబేషన్, జరిమానా, సమాజ సేవ. లొసుగు వెతికిన కళ్ళూ విద్యార్థివే. కానీ ఆ ప్రోగ్రాంని విప్పి చూసి, రోజుల్లో మందు కనిపెట్టిన గుంపుల్లో బర్క్‌లీ, ఎంఐటీ వాళ్ళూ ఉన్నారు. మోరిస్ పేరు ఈ కథలో మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

బర్క్‌లీ వాళ్ళు ఏళ్ళ తరబడి తిరగరాస్తూ పోయేసరికి, యూనిక్స్‌లో కంపెనీ రాసింది ఎంత మిగిలింది అన్న ప్రశ్న వచ్చింది. కంపెనీ పాఠాన్ని ఏరి తీసేసి 1991లో ఒక విడుదల చేశారు. 1992లో కంపెనీ తాలూకు సంస్థ దావా వేసింది. 1994లో రాజీ కుదిరినప్పుడు తేలిందేమిటంటే, ఆ విడుదలలో ఉన్న 18,000 ఫైళ్ళలో తీసేయాల్సి వచ్చినవి మూడు. ఇంకొన్నిట్లో చిన్నచిన్న మార్పులు, ఓ డెబ్బై ఫైళ్ళకి కంపెనీ పేరు తగిలించడం. అంతే. ఆ మూడు ఫైళ్ళ కోసం రెండేళ్ళు బీఎస్‌డీ భవిష్యత్తు గాల్లో వేలాడింది. ఆ రెండేళ్ళలోనే ఫిన్లాండ్‌లో ఇంకోటి పెరిగి పెద్దదైంది.

పాఠకుడా, వినియోగదారుడా

ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రైయె విశ్వవిద్యాలయంలో ఆండ్రూ టానెన్‌బామ్ లయన్స్ పుస్తకంతో పాఠం చెప్పేవాడు. 1979 లైసెన్సుతో ఆ దారి మూసుకుపోయింది. సిద్ధాంతం మాత్రం చెప్పి ఊరుకుందాం అనుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. టానెన్‌బామ్ ఊరుకోలేదు. ఏటీ అండ్ టీ రాసిన ఒక్క లైను కూడా వాడకుండా, బయటినుంచి చూస్తే యూనిక్స్‌లాగే కనిపించే సిస్టంని తానే మొదటి నుంచి రాశాడు. దాని పేరు మినిక్స్. 1987లో అది ఒక పాఠ్యపుస్తకంతో కలిసి వచ్చింది, పుస్తకం వెనక సోర్స్ కోడ్ అచ్చువేసి మరీ. పన్నెండు వేల లైన్లు. మూలం చదవనివ్వకపోతే చదవడానికి వీలయ్యే మూలాన్ని కొత్తగా రాయడం! సాహిత్యంలో దీనికి పోలిక వెతికాను గానీ నాకు దొరకలేదు.

1990 వేసవిలో హెల్సింకీ విశ్వవిద్యాలయం విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ఆ పుస్తకం చదివాడు. తన జీవితాన్ని మార్చిన పుస్తకంగా దాన్ని ఆత్మకథలో చెప్పుకున్నాడు. 1991 జనవరిలో ఒక 386 కంప్యూటర్ కొన్నాడు, మినిక్స్ ఎక్కించుకున్నాడు. ఆగస్టు 25న మినిక్స్ వాడేవాళ్ళందరికీ ఒక చిన్న ప్రకటన రాశాడు: సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నాను, పెద్దదేం కాదు, మినిక్స్‌లో మీకేం నచ్చుతాయి, ఏం నచ్చవు చెప్పండి అని. సెప్టెంబర్లో 0.01 వెర్షన్ బయటపెట్టాడు. అందులో ఉన్నది సుమారు పదివేల లైన్లు.

ఈ అంకెలు ఒకసారి వరసగా చూడండి. లయన్స్ చదివించిన యూనిక్స్ పదివేలకి కాస్త తక్కువ. మినిక్స్ పన్నెండు వేలు. మొదటి లీనక్స్ పదివేలు. ఒక మనిషి బుర్రలో ఒకేసారి పట్టే సైజు అదేనేమో. నవలకీ కథకీ మధ్య హద్దులాగా, చదవగలిగే సిస్టంకీ వాడగలిగే సిస్టంకీ మధ్య ఒక హద్దు.

1992 జనవరి 29న టానెన్‌బామ్ లీనక్స్‌కి కాలం చెల్లిందని రాశాడు. కెర్నల్‌ని చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టాలి, అంతా ఒకే ముద్దగా రాయడం పాతకాలపు పద్ధతి, నువ్వు నా విద్యార్థివై ఉంటే ఈ డిజైన్‌కి మంచి మార్కులు పడేవి కావు అన్న ధోరణిలో వాదించాడు. ఇరవై రెండేళ్ళ టోర్వాల్డ్స్ ఘాటుగానే జవాబిచ్చాడు. కంప్యూటర్ చరిత్రలో ఈ చర్చని మైక్రోకెర్నల్‌కీ మోనోలిథిక్ కెర్నల్‌కీ మధ్య యుద్ధంగా చెప్పుకుంటారు. ఎవరు గెలిచారో మన జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లు చెప్తాయి, అవి నడిచేది లీనక్స్ మీదే.

నాకు మాత్రం ఆ చర్చ అడుగున ఇంకో చర్చ కనిపిస్తుంది. మినిక్స్ వాడేవాళ్ళు టానెన్‌బామ్‌ని అది చేర్చండి, ఇది చేర్చండి అని అడుగుతూనే ఉండేవాళ్ళు. ఆయన చాలావాటికి ఒప్పుకునేవాడు కాదు. ఒక సెమిస్టర్‌లో విద్యార్థి చదివేంత చిన్నగా ఉండాలన్నది ఆయన పట్టుదల. టోర్వాల్డ్స్ దగ్గరికి ఎవరైనా పనికొచ్చే మార్పు తెస్తే తీసుకునేవాడు. 1992 మొదట్లో అమ్మకాన్ని నిషేధించే తన సొంత లైసెన్సు తీసేసి, స్టాల్‌మన్ రాసిన జీపీఎల్ పెట్టాడు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కానీ ఇంకొకరికి ఇచ్చేటప్పుడు సోర్స్‌ని మాత్రం దాచకూడదు. ఒకరు పాఠకుడి పక్షం, ఇంకొకరు వాడేవాడి పక్షం. వాడేవాడి పక్షం గెలిచింది, అదీ పాఠకుడి హక్కుని లైసెన్సులో రాసిపెట్టి మరీ గెలిచింది. 1997లో టోర్వాల్డ్స్ మాస్టర్స్ థీసిస్ సమర్పించాడు. విషయం లీనక్సే: ఒక రకం ప్రాసెసర్ కోసం రాసిన సిస్టంని వేరే ప్రాసెసర్ల మీదికి తీసుకెళ్ళడం. అప్పటికి ఆ విద్యార్థి ప్రాజెక్టుని లక్షలమంది వాడుతున్నారు. మరుసటి ఏడు, 1998 ఫిబ్రవరిలో, క్రిస్టీన్ పీటర్సన్ "ఓపెన్ సోర్స్" అన్న పేరు సూచించింది. పేరు వచ్చేసరికి కథ సగం అయిపోయింది.

తలుపు తీసే ఉంది

లీనక్స్ కెర్నల్ ఇప్పుడు మూడు కోట్ల లైన్లు దాటి చాలా కాలమైంది. అందులో ఎక్కువ భాగం రకరకాల పరికరాల డ్రైవర్లు, నిజమే. అయినా దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివిన మనిషి భూమ్మీద లేడు, ఉండడు. చదివే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. చదివే శక్తి ఒక్కరికీ లేదు. మరి ఎవరు చదువుతున్నారు? ఏ ముక్క ఎవరి బాధ్యతో పంచుకుని, ఆ ముక్క వరకు చదివే మెయింటెయినర్లు. వాళ్ళ మీద నమ్మకం.

ఆ నమ్మకాన్ని ఒక పరిశోధన పరీక్షకి పెట్టింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధక బృందం బాగుచేసినట్టు కనిపిస్తూనే లోపం పెట్టే మార్పులని కావాలని లీనక్స్ మెయింటెయినర్లకి పంపింది. కనిపెడతారా లేదా అన్నదే పరిశోధన. సంగతి బయటపడ్డాక 2021 ఏప్రిల్లో ఆ విశ్వవిద్యాలయం నుంచి ఏ మార్పూ తీసుకోమని కెర్నల్ పెద్దలు ప్రకటించారు. అక్కడి నుంచి అంతకుముందు వచ్చిన వందల మార్పులని మళ్ళీ కూర్చుని చదివారు. విచారణలో తేలినదాని ప్రకారం ఆ దొంగ మార్పులు కెర్నల్‌లోకి చేరలేదు. బృందం తమ పరిశోధన పత్రాన్ని వెనక్కి తీసుకుంది.

వాళ్ళడిగిన ప్రశ్న తప్పు కాదు. అడిగిన తీరు తప్పు. మెయింటెయినర్లని, వాళ్ళకి చెప్పకుండా, ప్రయోగంలో ఎలుకల్ని చేశారు. ఓపెన్ సోర్స్‌లో అసలు కొరత కోడ్‌కి కాదు, శ్రద్ధగా చదివే గంటలకి. ఆ గంటలని దొంగిలించారన్నదే కోపం. ఆపరేటింగ్ సిస్టంల మీద పరిశోధన చేద్దామనుకునే విద్యార్థికి ఈ రోజు ఉన్న పెద్ద అంశం నా దృష్టిలో ఇదే: ఎవరూ పూర్తిగా చదవలేని పాఠాన్ని ఎలా నమ్మాలి?

ఈ ప్రశ్న మన దాకా వచ్చేసరికి ఇంకో రూపం తీసుకుంటుంది. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఆపరేటింగ్ సిస్టం పేపర్ చదవనివాళ్ళు కంప్యూటర్స్ బ్రాంచిలో ఉండరు. డైనోసార్ బొమ్మ ఉన్న గాల్విన్ పుస్తకం, రౌండ్ రాబిన్ లెక్కలు, బ్యాంకర్స్ అల్గారిథం, డెడ్‌లాక్‌కి నాలుగు షరతులు. ల్యాబ్‌లో షెడ్యూలింగ్‌ని "సిమ్యులేట్" చేసే సి ప్రోగ్రాం: ఏ ప్రాసెస్‌కి ఎంత టైం పడుతుందో మనమే టైప్ చేస్తాం, అది సగటు లెక్కేసి చూపిస్తుంది. వైవా అయిపోతుంది. ఆ ల్యాబ్ కంప్యూటర్లలో చాలావాటి మీద నడిచేది లీనక్సే. దాని షెడ్యూలర్ సోర్స్ ఒక్క డౌన్‌లోడ్ దూరంలో ఉంటుంది. తెరిచి చూపించేవాళ్ళు అరుదు. 1979లో లైసెన్సు భయంతో సోర్స్ పక్కన పెట్టి సిద్ధాంతం మాత్రమే చెప్పిన క్లాసు ఉంది చూశారా, ఏ లైసెన్సూ అడ్డం లేకుండానే మనం అందులో కూచున్నాం.

అలాగని మన దగ్గర ఏమీ జరగలేదని కాదు. హైదరాబాద్‌లో "స్వేచ్ఛ" వాలంటీర్లు లీనక్స్‌ని తెలుగులో కనిపించేలా చేశారు. మెనూలో ఒక మాటని తెలుగు చేయాలన్నా ఆ మాట మూలంలో ఎక్కడుందో చూసే వీలుండాలి కదా. కానీ పైపొరని తెలుగు చేసుకున్నంత శ్రద్ధగా లోపలి పొరని చదివే అలవాటు మనకింకా రాలేదు. ఉద్యోగంలో చేరాక తెలిసే సంగతి ఏమిటంటే, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ రోజులో ఎక్కువ భాగం గడిచేది రాయడంలో కాదు, ఎవరో ఎప్పుడో రాసి వెళ్ళిపోయిన కోడ్ చదవడంలో. కాలేజీలో మనకెవరూ నేర్పనిది సరిగ్గా అదే.

దారి లేకపోలేదు. 2002లో ఎంఐటీలో ఆపరేటింగ్ సిస్టం కోర్సు మొదలుపెట్టినప్పుడు వాళ్ళు చేతిలోకి తీసుకున్నది లయన్స్ పుస్తకాన్నే, పాతికేళ్ళ తర్వాత. కాకపోతే ఆ పాత మెషీన్ భాష ఇప్పుడెందుకని విద్యార్థులు అడిగారు. దాంతో 2006లో అదే ఆరో వెర్షన్ యూనిక్స్‌ని ఇప్పటి ప్రాసెసర్ల మీద నడిచేలా కొత్తగా రాసి ఎక్స్‌వీ6 అని పేరు పెట్టారు. సైజు మళ్ళీ పదివేల లైన్ల లోపే. పక్కన చిన్న వ్యాఖ్యాన గ్రంథం. రెండూ ఉచితం. రాసిన ముగ్గురిలో ఒకడు రాబర్ట్ మోరిస్. అవును, ఆ మోరిసే. ఒకప్పుడు లొసుగులు వెతికిన విద్యార్థి ఇప్పుడు ప్రొఫెసర్‌గా కెర్నల్ చదవడం నేర్పుతున్నాడు.

లయన్స్ పనిచేసిన న్యూ సౌత్ వేల్స్‌లో ఆయన పేరిట ఆపరేటింగ్ సిస్టంలకి ఒక ప్రొఫెసర్ పదవి ఉంది. అక్కడివాళ్ళు 2009లో ఎస్ఈఎల్4 అనే చిన్న కెర్నల్‌ని ప్రకటించారు. ఆ కోడ్ తన నిర్వచనాన్ని ఎక్కడా తప్పదని గణితంతో నిరూపించారు. 2014లో దాని సోర్స్‌ని అందరికీ ఇచ్చేశారు. కెర్నల్ సి భాషలో సుమారు 8,700 లైన్లు. నిరూపణ రెండు లక్షల లైన్ల పైమాటే. అంటే మూలానికి ఇరవై రెట్లకి మించిన వ్యాఖ్యానం. నమ్మాలంటే ఎంత చదవాలో ఈ రెండు అంకెలూ చెప్తున్నాయి.

మూడు కోట్ల లైన్లకి అలాంటి వ్యాఖ్యానం ఎవరూ రాయలేరు. కానీ పదివేల లైన్లు ఎవరైనా చదవచ్చు. ఎక్స్‌వీ6ని ప్రింట్ తీయిస్తే మన జిరాక్స్ సెంటర్లో స్పైరల్ బైండింగ్‌తో కలిపి ఒక సినిమా టికెట్ ధర దాటదు. ఇప్పుడు దాన్ని దొంగచాటుగా తీయించక్కర్లేదు కూడా.